ఏడు క్లబ్బులు, ఒక అర్జీ

మా గ్రౌండ్‌లో గొడవ రెండు ఖోఖో స్తంభాల దగ్గర మొదలైంది. ఖోఖో కోర్టుకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు కావాల. వాలీబాల్‌కు 18, 9 చాలు. తిరుపతిలో మా పేటకు ఉన్నది ఒక్కటే ఖాళీ స్థలం. అందుకని ఖోఖో కోర్టు లోపలే సున్నంతో వాలీబాల్ గీతలు గీసుకునేవాళ్లం. సర్వీస్ చేసేవాడు వెనక నుంచి పరిగెత్తుకుంటా వచ్చే చోటే సరిగ్గా స్తంభం ఉండేది. ఒక సాయంత్రం దాన్ని పీకి గోడవార పడేసినారు. పీకింది మా వాలీబాల్ పిల్లోళ్లే. మరుసటి రోజు ఖోఖో ఆడే ఆడపిల్లలు ఆ గుంత చుట్టూ నిలబడి చూస్తా ఉంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అదే నెలలో లైట్ల కోసం కబడ్డీ వాళ్లు ఒక అర్జీ, షటిల్ వాళ్లు ఒకటి, మేమొకటి ఇచ్చినాం. అర్జీ తీసుకున్నాయన మంచిగానే చెప్పినాడు. "ఒకే గ్రౌండ్‌కి ఇన్ని కాగితాలైతే ఎవురికని రాసేది? అందరూ కలిసి ఒక సంఘంగా రాండి."

పదేళ్ల కిందట రిటైరైన మా డ్రిల్ సారు ముందుపడినారు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం మనకు 2001 నుంచి ఉంది. సంఘం పెట్టుకోదగిన ఉద్దేశాల్లో క్రీడలు కూడా ఉన్నాయి. కనీసం ఏడుగురు ఉండాల. మావి ఐదు క్లబ్బులు: కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, షటిల్, పరుగు. క్లబ్బుకు ఒకరు అనుకుంటే ఐదు సంతకాలే. మిగతా రెండూ ఎవరివి? షటిల్ వాళ్లు మావే అన్నారు, కబడ్డీ వాళ్లు ఒప్పుకోలేదు. "ఏడు కొండల కింద ఏడు సంతకాలు దొరకవా సామీ" అని సారు మమ్మల్ని వీధుల్లోకి తోలినారు. మేడ మీద కరాటే నేర్పే అబ్బాయి ఒకడు, గుడి వెనక కర్రసాము నేర్పే పెద్దాయన ఒకరు దొరికినారు. పదేళ్లుగా ఇదే పేటలో ఉన్నా ఆ పెద్దాయనతో నేను మాట్లాడింది అదే మొదటిసారి.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిన్నది ఓటు విషయం. షటిల్ క్లబ్బులో 60 మంది, నెలనెలా చందా కడతారు. ఖోఖోలో 14 మంది పిల్లలు, ఎక్కువ మంది ప్రభుత్వ హైస్కూలు వాళ్లు, ఒక్క రూపాయి కట్టలేరు. "డబ్బు మాది, మాట వాళ్లదా?" అని షటిల్ అన్న అడిగినాడు. ఖోఖో టీచరమ్మ కోపం తెచ్చుకోలేదు. "అన్నా, ఈ గ్రౌండ్ పోతే మీరు డబ్బు పెట్టి ఇండోర్‌కి పోతారు. మా పిల్లోళ్లు యాడికీ పోరు, ఆటే మానేస్తారు" అనింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రే బైలా రాసుకున్నాం. క్లబ్బుకు ఒకే ఓటు. చందా మాత్రం చేతనైన క్లబ్బు ఎక్కువ కట్టాల. ఒకే క్లబ్బు నుంచి అధ్యక్షుడూ కోశాధికారీ ఉండకూడదు. ఈ మూడు వాక్యాల కోసం నాలుగు ఆదివారాలు పట్టింది. ఇంకో నాలుగు పట్టినా నేను కూర్చునేవాణ్ణే.

ఉద్దేశాల పేజీలో నేను "క్రీడాకారుల ఎంపిక" అని రాస్తే సారు కొట్టేసినారు. ఏ ఆటకు ఆ ఆట సంఘం జిల్లాలో, రాష్ట్రంలో వేరుగా ఉంటుంది. జట్టును ఎంపిక చేసే పని వాళ్లది. మనది గ్రౌండ్, టైము, నీళ్లు, దెబ్బ తగిలితే మందు. ఆ గీత దాటితే ఏడు ఆటల వాళ్లతోనూ తగువే అన్నారు.

కాగితాలు ఒకసారి వెనక్కి వచ్చినాయి. తప్పు మాదే. ఎవరిదో పాత సంఘం బైలా చూసి రాసుకున్నాం, అందులో "చిత్తూరు జిల్లా పరిధి" అని ఉంటే అట్లాగే దించేసినాం. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది తిరుపతి జిల్లా. దాంతోపాటు, మా సంఘానికి అడ్రసుగా చూపించిన ఇంటి పన్ను రసీదు ఓనరు తండ్రి పేరు మీద ఉంది. ఓనరు దగ్గర అభ్యంతరం లేదని రాయించుకుని, ఏడుగురం మళ్లీ ప్రతి పేజీ మీదా సంతకాలు పెట్టినాం. కర్రసాము పెద్దాయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా పెడతా ఉంటే అందరం ఆగినాం.

సర్టిఫికెట్ వచ్చినాక సంఘం పేరు మీద పాన్, తర్వాత బ్యాంకు ఖాతా. ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు బయటికి వచ్చేట్టు తీర్మానం రాసిచ్చినాం. ఇవి తొందరగానే అయిపోయినాయి.

ఒక సోమవారం కలెక్టరేట్‌లో లైట్ల అర్జీ ఇచ్చినాం, ఈసారి ఒకే కాగితం. లైట్లు ఇంకా రాలేదు. రసీదు ఫైల్లో ఉంది, పదిహేను రోజులకోసారి ఇద్దరం పోయి అడిగి వస్తా ఉన్నాం.

సంఘం ఖాతా నుంచి మొదట ఖర్చు పెట్టింది మాత్రం రెండు ఇనుప పైపు ముక్కలకు. ఖోఖో స్తంభాల గుంతల్లో వాటిని సిమెంటుతో దించి, పైన మూతలు పెట్టించినాం. ఇప్పుడు స్తంభం అందులో నిలబడుతుంది, మా ఆట టైముకు తీసేసి మూత వేస్తాం. ఏడు గంటలకు మా ఆట అయిపోయినాక, పొద్దున ఖోఖో ప్రాక్టీసు కోసం స్తంభాలు తిరిగి నిలబెట్టేది మా పిల్లోళ్లే.