ఉ, మా

పదకొండున్నర దాటింది. నిద్ర పట్టడం లేదు. మధ్యాహ్నం మీటింగ్ సంగతే బుర్రలో తిరుగుతోంది.

టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు జపనీస్ నేర్చుకుంటున్నాడు. "ఉమ గారూ, జపనీస్‌లో ఉమ అంటే గుర్రం, తెలుసా?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను? అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రం దాకా గ్రూపులో గుర్రం బొమ్మలే. నేను పంపిన రిపోర్టు కింద కూడా గుర్రమే! రెండు రాత్రులు కూర్చుని చేసిన పని అది. ఒక్కరైనా తెరిచి చూశారో లేదో. ఈయనతో చెబితే "నవ్వి ఊరుకోరాదూ" అన్నారు. దాంతో ఇంకా మండింది.

ఆ కోపంలోనే ఫోన్ పట్టుకుని వెతికాను. నిజమే, గుర్రమే. పోర్చుగీసులో అయితే ఉమ అంటే 'ఒక', స్త్రీలింగ పదాల ముందు వాడతారు. కళ అని పేరున్న అమ్మాయి ఫిన్లండ్ వెళితే చేప అయిపోతుంది. అమర్ స్పెయిన్ వెళితే 'ప్రేమించడం' అవుతాడు. అతని అదృష్టమే అదృష్టం.

ఏడో క్లాసులో తెలుగు టీచరు అందరి పేర్లకూ అర్థాలు అడిగారు. నేను "పార్వతీదేవి" అన్నాను. "అది ఎవరి పేరో చెప్పావు. అర్థం చెప్పు" అన్నారు. పీరియడంతా నిలబడే ఉన్నాను. ఇంటికొచ్చి ఏడుస్తుంటే తాతయ్య నా లెక్కల నోట్‌బుక్ వెనక అట్ట మీద పెన్సిలుతో 'ఉ' అని రాసి, కాస్త ఎడం వదిలి 'మా' అని రాశారు. "ఉ అంటే పిలుపు, ఓ తల్లీ అని. మా అంటే వద్దు. తపస్సుకు బయల్దేరిన కూతుర్ని మేనాదేవి అలా ఆపబోయింది. అందుకే ఆ పేరొచ్చిందని కాళిదాసు కుమారసంభవంలో చెప్పాడు" అన్నారు. రెండక్షరాలనీ కలుపుతూ ఒక గీత గీశారు. చెయ్యి వణికి అది వంకరగా వచ్చింది. నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. అందరి పేర్లకూ వెన్నెల, వెలుగు అని అర్థాలుంటే నా పేరుకు 'వద్దు' ఏంటి?

"మరి ఆగిందా?" అన్నాను.

"ఎక్కడ ఆగింది? రాలిన ఆకులు తినడం కూడా మానేసి, అపర్ణ అని ఇంకో పేరు తెచ్చుకుంది."

ఆ కుర్రాడిని తిట్టుకుంటూ రాద్దామని కూర్చున్నాను. ఇప్పుడు వాడి మీద కోపం లేదు. రిపోర్టు కింద బొమ్మ పెట్టినవాళ్ల మీద ఉంది, అది ఉంటుంది. గుర్రం మాత్రం నచ్చింది. వద్దన్నా ఆగని పిల్లకు ఆ అర్థం బాగానే నప్పుతుంది.

రాత్రి భోజనాల దగ్గర చిన్నది మళ్లీ హాస్టల్ మాట ఎత్తింది. "వద్దమ్మా" అన్నాను. రెండోసారి కూడా అదే అన్నాను. కంచం తీసి లేచి వెళ్లిపోయింది. దాని గదిలో ఇంకా లైటు వెలుగుతోంది. ఫారం నింపుతున్నట్టుంది.