మట్టాంచేరిలో సేలం వకీలు కూర్చున్న మెట్లు

కొచ్చిలోని మట్టాంచేరి యూదుల ప్రార్థనా మందిరంలో గైడ్లందరూ ముందు నేల చూపిస్తారు. చైనా నుంచి వచ్చిన పలకలు, చేత్తో వేసిన నీలి బొమ్మలు, ఏ రెండూ ఒకేలా ఉండవట. తర్వాత తల పైకెత్తమంటారు, బెల్జియం దీపాలు. 1568లో కట్టారు, గడియార స్తంభం తర్వాత వచ్చింది, ఇక పదండి అంటారు. పది నిమిషాల్లో మమ్మల్ని బయట పడేశారు. అక్కడ ఆటో అతను మా కోసం కాచుకుని కూర్చున్నాడు. ఫోర్ట్ కొచ్చి నుంచి తక్కువకే తీసుకొచ్చాడని సంతోషించాం గానీ, దారిలో రెండు మసాలా దుకాణాలు, ఒక హస్తకళల షోరూము ఎక్కి దిగాల్సి వచ్చింది. అంతా కమీషన్ కోసమే. యాలకుల ధర మా గుంటూరు కిరాణా కొట్టులో కంటే ఎక్కువ చెప్పారు.

అంతకంటే ఎక్కువ బాధపెట్టింది ఆ గైడు చెప్పకుండా వదిలేసిన సంగతి. అది నాకు ముందురోజు బోటులో తెలిసింది.

శబరి ఎక్స్‌ప్రెస్ ఎర్నాకుళం ఎప్పుడు చేరుతుందో, ఎంత ఆలస్యంగా చేరుతుందో స్వాములకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, ఆ గోల వదిలేస్తాను. మున్నారు కూడా చూశాం, పొగమంచు, టీ తోటలు, ఫొటోలు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఎర్నాకుళం జెట్టీ నుంచి ఫోర్ట్ కొచ్చికి వెళ్లిన ప్రభుత్వ బోటు. కాఫీకి కూడా చాలని డబ్బుకి అంత నీళ్ల మీద ప్రయాణం! పక్కన కూర్చున్న పెద్దాయన మా మాటలు విని, "తెలుగా అమ్మా?" అన్నాడు. వైజాగ్ పోర్టులో కొన్నేళ్లు పనిచేశాడట. తెలుగు, తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడాడు.

"యూదుల గుడికా? టైల్స్ చూస్తారు, వచ్చేస్తారు. సేలం వకీలు గురించి ఎవరూ చెప్పరు" అన్నాడు. సేలం ఊరి పేరు కాదు, ఆ వకీలు పేరే. పెద్దాయన వాళ్ల నాన్న కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ వకీలు ఉపన్యాసాలు వినడానికి పరిగెత్తేవాడట. ఎర్నాకుళంలో వకీలు నిలబడి మాట్లాడే మిట్టకి సేలం కున్ను అనే పేరు పడిందట. ఇరవై నిమిషాల ప్రయాణంలో పెద్దాయన మొదలుపెట్టిన కథని ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని ఫోన్లో ఒంటిగంట దాకా చదివాను. మావారు లైటు తీసెయ్యమని గొణుగుతూనే ఉన్నారు.

అబ్రహాం బరాక్ సేలం 1882లో పుట్టాడు. కొచ్చి యూదుల్లో మొదటి వకీలు. మట్టాంచేరి మందిరం పరదేశి యూదులది, అంటే తెల్ల యూదులది. వాళ్ల ఇళ్లలో ఒకప్పుడు బానిసలుగా ఉండి విడుదలైన వాళ్ల సంతతి సేలం కుటుంబం. మతం అదే, ప్రార్థన అదే, కానీ వీళ్లకి లోపల బెంచీ మీద చోటు లేదు. ముందుగదిలో కూర్చోవాలి. యూదుల పవిత్ర గ్రంథం తోరా చదవడానికి పిలవరు. పెళ్లి సంబంధాలు కలుపుకోరు, చనిపోతే శ్మశానం కూడా వేరు. మన పల్లెల్లో టీ కొట్టు చూరుకి వేలాడిన రెండో గ్లాసు తెలిసినవాళ్లకి ఇంతకంటే వివరించక్కర్లేదు.

ఈ కుటుంబంలో ఒక్కో తరం ఒక్కోటి కోరుకుంది. సేలం తాతల కాలంలో వాళ్లవాళ్లు అవమానం భరించలేక విడిపోయి, ఫోర్ట్ కొచ్చిలో వేరే ప్రార్థన పెట్టుకున్నారు, అది నిలవలేదు. సేలం వేరు పడడానికి ఇష్టపడలేదు, ఆ గుడిలోపలే సమానమైన చోటు కావాలన్నాడు. గాంధీగారి దారి పట్టి, కొడుకుల్ని వెంటబెట్టుకుని మందిరం మెట్ల మీద సత్యాగ్రహం చేశాడు. ఆయన్ని యూదు గాంధీ అనేవారు. ఒక్కో హక్కు రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోపు కొచ్చి శాసనమండలిలో సభ్యుడయ్యాడు, కార్మిక సంఘాల్లో తిరిగాడు, సంపూర్ణ స్వరాజ్యం తీర్మానం చేసిన 1929 లాహోర్ కాంగ్రెస్‌కి వెళ్లాడు. 1930లలో పాలస్తీనా చూసి వచ్చాక మనసు అటు లాగింది. పాలస్తీనాలో యూదులకి సొంత నెలవు ఉండాలని మద్దతు ప్రకటించిన బ్రిటిష్ మంత్రి బాల్ఫర్ పేరుని అంతకుముందే ఒక కొడుక్కి పెట్టుకున్న మనిషే మరి!

ఆ కొడుకు బాల్ఫర్ 1950లో తెల్ల యూదుల్లో పేరున్న కోడర్ కుటుంబం అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఫోర్ట్ కొచ్చిలో ఎర్ర రంగు కోడర్ హౌస్ చూసినవాళ్లకి ఆ ఇంటి హోదా అర్థమవుతుంది. కొచ్చిలో జరగనివ్వరని పెళ్లి బొంబాయిలో చేసుకున్నారు. తండ్రి బెంచీ కోసం మెట్ల మీద కూర్చుంటే, కొడుకు ఆ బెంచీల వాళ్ల అమ్మాయిని ప్రేమించి పెళ్లాడాడు. ఈ రెండింట్లో ఏది పెద్ద తిరుగుబాటో నేను చెప్పలేను గానీ, రెండోదానికి తక్కువ ధైర్యం పట్టిందని మాత్రం అనుకోను.

తర్వాత 1950లలో కొచ్చి యూదులు ఓడలెక్కి, విమానాలెక్కి ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లేందుకు సాయం చేసిన సేలం మాత్రం కొచ్చిలోనే ఉండిపోయి 1967లో ఇక్కడే చనిపోయాడు. మరుసటి ఏడు మందిరం నాలుగు వందల ఏళ్ల ఉత్సవానికి ఇందిరాగాంధీ వచ్చారు. ఆ తర్వాత తెల్ల యూదులూ ఒక్కొక్కరే వెళ్లారు. సామూహిక ప్రార్థనకి పదిమంది మగవాళ్లు ఉండాలి, ఇప్పుడు ఊళ్లో ఆ పదిమందీ లేరు. అదే వీధిలో ఎంబ్రాయిడరీ కొట్టు నడిపిన సారా కోహెన్ 2019లో పోయాక, ఆ కొట్టుని ఆమె కొడుకులా చూసుకున్న ముస్లిం ఆయనే చూస్తున్నారు.

నా మనసు మా గుంటూరు దగ్గరి చేబ్రోలు మీదికి పోయింది. అక్కడి కొత్తరెడ్డిపాలెంలో మన తెలుగు మాదిగ కుటుంబాలు కొన్ని తాము పాత ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము గోత్రం వాళ్లమని చెప్పి, 1990లలో ప్రార్థనా మందిరం కట్టుకున్నాయి. తాతలు బాప్టిస్టు చర్చికి వెళ్లారు, మనవలు హీబ్రూ నేర్చుకుంటున్నారు. వాళ్లని విడ్డూరంగా చెప్పుకునేవాళ్లని మా ఊళ్లో చాలామందిని విన్నాను. సేలం కథ చదివాక ఆ మాటలు నాకు మింగుడుపడడం లేదు. తక్కువగా చూసిన చోటి నుంచి ఒకడు వేరుపడతాడు, ఒకడు లోపలే పోట్లాడతాడు, ఒకడు కొత్త వంశవృక్షం వెతుక్కుంటాడు. ఎవరి తరానికి ఏ దారి కనిపిస్తే అది.

అందుకే మర్నాడు మందిరంలో గైడుని అడిగాను, విడుదలైన బానిసల పిల్లలు కూర్చున్న గది ఏది అని. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, మేం ఇందాక చెప్పులు విప్పి దాటొచ్చిన గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. వెంటనే మళ్లీ దీపాల గురించి మొదలుపెట్టాడు. ఆ గదిలో సేలం పేరుతో ఒక్క బోర్డు కూడా నాకు కనబడలేదు. పలకల చరిత్ర చెప్పగలిగినవాళ్లు ఆ పలకల మీద అడుగు పెట్టడానికి ఒక కుటుంబం ఎన్నేళ్లు పోరాడిందో కూడా చెప్పాలి. మలయాళంలో, ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి పెడితే చాలు. టికెట్టు ఇంకో పది రూపాయలు పెంచినా ఇస్తాను.