ఉపగ్రహం చూసేది గాలి వేడిని కాదు: నా అనుభవం

నిన్న సాయంత్రం నా సిద్ధాంత గ్రంథంలోని మూడో అధ్యాయాన్ని కమిటీ ఆమోదించింది. నగర ఉష్ణద్వీపం (చుట్టుపక్కల పల్లెల కన్నా నగరం వేడిగా ఉండడం) మీద పని మొదలుపెట్టబోయేవారికి పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డేటా తెచ్చుకోవడం సులువు. నాసా ఉపగ్రహాలు టెర్రా, ఆక్వాల మీది మోడిస్ పరికరం ఇచ్చే ఉపరితల ఉష్ణోగ్రతలు, ల్యాండ్‌శాట్ 8 ఉపగ్రహ చిత్రాలు రెండూ ఉచితమే. వాతావరణాన్ని లెక్కకట్టే డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే నమూనాను (మోడల్‌ను) కంప్యూటర్‌లో ఎక్కించడానికి వారం పట్టింది, అంతే.

చిక్కంతా పోలిక దగ్గర వచ్చింది. వేసవిలో మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఆక్వా ఉపగ్రహం నగరం నడిబొడ్డున 49 డిగ్రీలు చూపిస్తుంటే, నా నమూనా 38 దగ్గరే ఆగిపోయేది. నమూనాలో నగరం సరిగా లేదనుకున్నాను. పైకప్పులు ఎండను తిప్పికొట్టే పాళ్లు తగ్గించాను. గోడల ఉష్ణధారణ మార్చాను. ఏసీలు వెళ్లగక్కే వేడిని పెంచాను. మూడు నెలలు ఇదే పని. ప్రతి మార్పుకూ సంస్థ కంప్యూటర్ వరుసలో రెండేసి రోజుల నిరీక్షణ. ఆ వరుస చూసేవారికి విద్యార్థుల పని ఎప్పుడూ ఆఖరిదే. చిన్న పరీక్షలు సొంత కంప్యూటర్‌లోనే చేసుకోండి, వాళ్లను బతిమాలకండి.

సమీక్ష రోజున గ్రాఫు తెర మీద పెట్టగానే కమిటీలోని ఒక పెద్దాయన అడిగారు: "నీలం గీత టీ2 కదా, ఎర్ర గీత ఏమిటి?" ఉపగ్రహ ఉష్ణోగ్రత అన్నాను. "దేని ఉష్ణోగ్రత?" అన్నారు. నా గొంతు ఆరిపోయింది. టీ2 అంటే నేలకు 2 మీటర్ల ఎత్తున గాలి ఉష్ణోగ్రత. ఉపగ్రహం పసిగట్టేది పైకప్పులు, రోడ్లు, చెట్ల తలలు వెలువరించే ఉష్ణ వికిరణాన్ని. ఎండవేళ ఈ రెండింటికీ పది డిగ్రీల తేడా ఉండడం మామూలే. ఆ తేడానే లోపమనుకుని మూడు నెలలు దిద్దుతూ కూర్చున్నాను. ఆయన గొంతు పెంచలేదు. "టీఎస్‌కే చూశావా అమ్మా?" అని మాత్రం అడిగి నోటుపుస్తకం మూసేశారు. నమూనాలో ఉపరితల ఉష్ణోగ్రత పేరు అదే. పుస్తకం మూసిన ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది.

మా గైడు అంతకుముందే ఆ గ్రాఫును నాలుగుసార్లు చూశారు. ఒక్క మాటా అనలేదు. విద్యార్థి పని మీద సంతకం పెట్టేవారు కనీసం గీతల పేర్లు చదవాలి. ఈ మాట ఎవరిని నొప్పించినా వెనక్కి తీసుకోను.

మార్చినవన్నీ మొదటి విలువలకే తెచ్చి, టీ2 బదులు టీఎస్‌కేను పోల్చాను. భూవినియోగ పటాన్ని మాత్రం మార్చక తప్పలేదు. అందులో కొత్త కాలనీలు ఇంకా పొలాలుగానే ఉన్నాయి. 2012లో స్టీవార్ట్, ఓక్ ప్రతిపాదించిన 17 స్థానిక వాతావరణ మండలాల (కట్టడాలు, చెట్లు, నేల తీరును బట్టి చేసిన విభజన) ప్రకారం కొత్త పటం చేసుకున్నాను.

అయినా ఉదయపు టెర్రా పోలిక కుదరలేదు. మోడిస్ ఫైలు తెరిచి ఒక్కో అంకె చూశాను. పరిశీలన సమయం 106 అని ఉంది. అంటే 10.6 గంటలు, 10 గంటల 36 నిమిషాలు. అది గడియారం సమయం కాదు, ఆ చోటి సౌర సమయం. తూర్పు రేఖాంశాన్ని 15తో భాగించి, వచ్చిన గంటలను అందులోంచి తీసేస్తేనే నమూనా వాడే యుటిసి (ప్రపంచ ప్రామాణిక సమయం) వస్తుంది. నేల గబగబా వేడెక్కే ఆ వేళలో అరగంట తేడా చాలు, పోలిక చెడిపోవడానికి. దీన్ని నాకెవరూ చెప్పలేదు, నేనే పట్టుకున్నాను. మబ్బు కమ్మిన గడులను నమూనాలోంచి కూడా తీసేయడం మరవకండి.

చివరికి ఉపగ్రహం, నమూనా రెండూ ఒకే మాట చెప్పాయి. పంట కోసేసిన పొలాల్లో తేమ లేక, పగలు నగరం కన్నా అవే ఎక్కువ కాగుతున్నాయి. ఇదీ పొరపాటేమోనని రెండు రోజులు వెతికాను, కాదు. రాత్రి ఒకటిన్నర చిత్రంలో అవే పొలాలు చల్లబడి, నగరం ఒక్కటే ఎర్రగా మిగిలింది. నమూనాలోనూ అంతే. నిన్న ఆ రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టినప్పుడు ఆ పెద్దాయన ముందుగా గీతల పేర్లు చదివారు, తర్వాత తల ఊపారు.