ఎం.బుక్, కాంట్, మా సీసీ రోడ్డు

నలభై రెండేళ్ల వయసులో దూరవిద్యలో ఎం.ఏ. ఫిలాసఫీ కట్టాను. అసైన్‌మెంట్లలో ఒక ప్రశ్న: "జ్ఞానోదయ యుగపు నైతిక, రాజకీయ తత్వానికి నేటి ప్రాసంగికత". చదవగానే నవ్వొచ్చింది. జ్ఞానోదయం అనే మాట మనం బుద్ధుడికి వాడతాం, లేదంటే దెబ్బ తిన్నవాణ్ణి ఎత్తిపొడవడానికి వాడతాం: "ఇప్పటికైనా జ్ఞానోదయమైందా?" ఇక్కడ అడిగింది పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ గురించి, ఒకరు చెప్పారని కాక సొంత బుద్ధితో ఆలోచించాలన్న మాట బలపడిన కాలం గురించి. అది ఈ రెండిట్లో దేనికీ అతకదు.

జ్ఞానోదయమంటే ఏమిటో చెబుతూ జర్మన్ తత్వవేత్త కాంట్ 1784లో రాసిన చిన్న వ్యాసంతో మొదలుపెట్టాను. చిన్నదే గానీ నాకు వారం పట్టింది. ఇంకొకరు చెయ్యి పట్టుకోనిదే సొంత బుద్ధి వాడలేనివాడు ఎంత వయసొచ్చినా మైనరే, ఆ స్థితి మనం తెచ్చిపెట్టుకున్నదే అంటాడు. అందులోని సుఖం కూడా ఆయనకు తెలుసు. నా బదులు ఆలోచించడానికి పుస్తకం, నా మనస్సాక్షిని చూసుకోవడానికి పాస్టరు, ఏం తినాలో చెప్పడానికి డాక్టరు ఉంటే ఇక నాకెందుకు శ్రమ? ఆడవాళ్లంతా ఈ అడుగు వేయడానికి భయపడతారనీ, ఆ భయం పెట్టింది వాళ్ల సంరక్షకులేననీ అక్కడే రాశాడు. 1797 నాటి పుస్తకంలో మమ్మల్నందర్నీ ఓటు లేని పౌరుల్లో కలిపేసేటప్పుడు మాత్రం ఆ సంగతి మర్చిపోయినట్టున్నాడు.

ఆ రోజుల్లోనే మా వీధి సీసీ రోడ్డు లేచిపోయింది. వేసి ఏడాది కాలేదు, మొదటి వానలకే కంకర తేలింది. అందరం అరుగుల మీద కూర్చుని తిట్టుకున్నాం. నేను మాత్రం ఎస్టిమేట్ కాపీ, ఎం.బుక్ కాపీ అడుగుదామనుకున్నాను. చేసిన పని కొలతలు ఎక్కించే పుస్తకమే ఎం.బుక్, బిల్లు దాన్నిబట్టే అవుతుంది. తెల్లకాగితం మీద సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఆఫీసుకెళ్లాను.

"ఎందుకమ్మా మీకివన్నీ?" అన్నాడు గుమాస్తా. కసిరి అడగలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. నేనూ సంజాయిషీ మొదలుపెట్టాను. పిల్లలు సైకిళ్ల మీంచి పడుతున్నారు, మా అత్తయ్య కాలు బెణికింది... "పెద్దసారు లేరు, తర్వాత రండి" అని కాగితం తిరిగిచ్చేశాడు.

ఇంటికొచ్చి చట్టం తీస్తే సెక్షన్ 6(2)లో ఉంది: దరఖాస్తుదారు కారణం చెప్పనక్కర్లేదు. అత్తయ్య కాలు ప్రస్తావన లేకుండానే అడగొచ్చన్నమాట! సొంత రోడ్డు లెక్క అడగడానికి అంతసేపు బతిమాలినందుకు సిగ్గేసింది. మర్నాడే రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

గడువు 30 రోజులు. ఈలోగా చదువుతుంటే స్వీడన్ సంగతి తగిలింది. ప్రభుత్వ కాగితాలు జనం చూడొచ్చని 1766లోనే అక్కడ చట్టం చేశారు. దాని కోసం పట్టుబట్టినవాళ్లలో ముఖ్యుడు చుదేనియస్, ఇప్పటి ఫిన్లాండ్ ప్రాంతపు పాస్టరు. మనకు 2005లో వచ్చిన చట్టానికి ఇంత పాత చుట్టం ఉందని నాకు తెలియదు. కాంట్ 1795లో ఇంకో పరీక్ష పెట్టాడు: పదిమంది హక్కులకు సంబంధించిన పని ఏ సూత్రం మీద చేస్తున్నావో బయటికి చెప్పలేకపోతే ఆ పని అన్యాయమే. మూడుసార్లు చదివాను. బీరువాలో పెట్టి తాళం వేసిన ఎం.బుక్కే కళ్లముందు కనిపించింది.

31వ రోజుకీ జవాబు లేదు. అదే చట్టం సెక్షన్ 19(1) కింద ఆ ఆఫీసులోనే పై అధికారికి అప్పీలు పెట్టాను. వారంలో ఫోను: "పేజీకి 2 రూపాయలు కట్టి తీసుకెళ్లండి." గడువు దాటితే 7(6) ప్రకారం ఉచితంగా ఇవ్వాలన్నాను. అవతల కాసేపు మాట లేదు. మొత్తం 26 పేజీలు ఇచ్చారు.

బయట టీకొట్టు దగ్గర అదే గుమాస్తా కనిపించి, ఎటో చూస్తూ, "పదకొండో పేజీ చూడండమ్మా" అన్నాడు. కుర్చీలో ఉన్నప్పుడు ఆజ్ఞ పాటించు, కుర్చీ దిగాక పాఠకలోకం ముందు తప్పు ఎత్తిచూపు అన్నాడు కాంట్. టీకొట్టు ఆయన లెక్కలోకి రాకపోవచ్చు. ఆ మనిషికి దొరికింది అదే మరి.

పదకొండో పేజీలో మందం 15 సెంటీమీటర్లు. పగిలినచోట మావాడి స్కేలు పెడితే 9. ఫొటోలతో ఫిర్యాదు పెట్టాను. ఇప్పటివరకు గుంతలకు అతుకులు మాత్రం పడ్డాయి. అసైన్‌మెంట్‌లో ఇదంతా రాస్తే "సొంత విషయాలు అనవసరం" అని ఎర్రసిరాతో గీసి, 20కి 12 వేశారు.

మొన్న వెనక వీధి బాబాయిగారు వచ్చారు, వాళ్ల డ్రైనేజీ సంగతి అడగాలట. తెల్లకాగితం, పెన్ను ఇచ్చి మీరే రాయండి బాబాయిగారూ అన్నాను. "నీకు అలవాటే కదమ్మా, నువ్వు రాసెయ్, సంతకం పెడతా" అన్నారు. కాంట్ గుర్తొచ్చాడు, గట్టిగా వద్దందామనుకున్నాను. ఆయనకు కళ్లజోడు కూడా లేదు, టీ చల్లారిపోతోంది. నేనే రాశాను.