ఫ్రీమాంట్‌లో పెరటి ఇంటికి పర్మిట్: నా అనుభవం

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది అమ్మానాన్నల కోసం పెరట్లో చిన్న ఇల్లు కట్టిస్తున్నారు, ఇక్కడ ఏడీయూ అంటారు. మేమూ 600 చదరపు అడుగులది కట్టించాం. పర్మిట్ పని మొత్తం సిటీ ఆఫీసులోనే అయిపోతుందని ప్లాన్ గీసినాయన భరోసా ఇచ్చాడు. లిబర్టీ స్ట్రీట్‌లోని కౌంటర్ దగ్గరికి వెళ్లాక అసలు సంగతి తెలిసింది. సిటీ చూసేది ప్లాను, కట్టడం వరకే. నీళ్లు అలమీడా కౌంటీ (మన జిల్లా లాంటిది) వాటర్ డిస్ట్రిక్ట్‌వి (ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, ఒక్కో పనికి విడిగా ఉండే సంస్థ), డ్రైనేజీ యూనియన్ శానిటరీ డిస్ట్రిక్ట్‌ది, దాని ఆఫీసేమో పక్క ఊరు యూనియన్ సిటీలో ఉంది. ఇల్లు 500 చదరపు అడుగులు దాటింది కాబట్టి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఫీజు కట్టి రసీదు తెచ్చి చూపించాలి.

మన దగ్గర చిన్న ఊళ్లలో కుళాయి కనెక్షనైనా, ఇంటి ప్లానైనా, ఇంటి పన్నైనా మున్సిపాలిటీకే కదా వెళ్తాం, మరి ఇక్కడ ఒక్క ఊరికి ఇన్ని ఆఫీసులెందుకు? ఇది తెలుసుకోవాలని మెయిన్ లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగానికి వెళ్లి కూర్చున్నా (ఆ లైబ్రరీ కూడా సిటీది కాదు, కౌంటీది!). ఫ్రీమాంట్ అనే ఊరు పుట్టిందే 1956 జనవరి 23న. సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు చిన్న ఊళ్లు కలిసి ఒకటయ్యాయి. నెవార్క్ కలవనంది, 1955లోనే సొంతంగా సిటీ అయింది. కానీ వాటర్ డిస్ట్రిక్ట్ 1914 నాటిది. అలమీడా క్రీక్ అనే వాగు నీళ్లు శాన్ ఫ్రాన్సిస్కోకి తరలిపోతుంటే, తమ బావులు ఎండిపోతాయని ఇక్కడి రైతులు పట్టుబట్టి పెట్టించుకున్నారు. డ్రైనేజీ డిస్ట్రిక్ట్‌ది 1918. అంటే సిటీ కంటే ఆఫీసులే పాతవి, అందుకే అవి నేటికీ ఫ్రీమాంట్, నెవార్క్, యూనియన్ సిటీ మూడింటికీ కలిపి పనిచేస్తున్నాయి. ఇది తెలిశాక నాకు ఆ తిరుగుడు విసుగనిపించలేదు, పైగా ఆ రైతుల మీద గౌరవం పెరిగింది. ఆ డిస్ట్రిక్టులను నడిపే బోర్డుల డైరెక్టర్లను ఎన్నుకునేది కూడా మనమే, బ్యాలెట్‌లో కింద ఎక్కడో ఉంటారు, దయచేసి ఖాళీగా వదిలేయకండి.

ఇక పని సంగతి. దరఖాస్తు పూర్తిగా ఉంటే సిటీ 60 రోజుల్లో తేల్చాలని రాష్ట్ర చట్టం, కానీ ఆ లెక్క కాగితాలన్నీ సరిగ్గా అందాకే మొదలవుతుంది. అందుకని నీళ్లవాళ్లని, డ్రైనేజీవాళ్లని ముందే కలవండి, పాత మీటరు సరిపోతుందా, పాత పైపుకే కలపొచ్చా అన్నది ప్లాన్ గీయకముందే అడిగేయండి. పైపు వేశాక మట్టి కప్పొద్దు. మా దగ్గర ఇన్‌స్పెక్టర్ గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పైపు మీద లెవెల్ పెట్టి వాలు చూసి, అతుకులన్నీ చేత్తో తడిమి మరీ సంతకం పెట్టాడు.

అంతా అయ్యాక కౌంటీ అసెసర్ వంతు, అంటే పన్ను కోసం ఇంటి విలువ కట్టే అధికారి. టెన్షన్ పడకండి, పాత ఇంటి విలువని కదిలించరు, కొత్తగా కట్టినదాని విలువ మాత్రమే కలుపుతారు. కాకపోతే ఆ కలిపిన విలువ మీద పన్నుకి సప్లిమెంటల్ బిల్లని విడిగా వస్తుంది, మామూలుగా లోన్ కంపెనీ కట్టదు, మనమే చూసుకుని కట్టాలి.