పెట్టెలో కాదు, చేతిసంచిలో

"ఆ ఫైలు పెట్టె అడుగున వద్దురా" అంటూ తమ్ముడి చేతిలోంచి తీసేసుకున్నాను. వచ్చే వారం వాడు దేశం మారుతున్నాడు. మధ్యాహ్నం నుంచీ గది నిండా బట్టలే.

పెట్టె దారి తప్పితే చొక్కాలు మళ్లీ కొనుక్కోవచ్చు. డిగ్రీ పట్టా, జనన ధ్రువపత్రం, టీకాల కార్డు అక్కడ ఎవరిస్తారు? పట్టా మీద అపోస్టిల్, అంటే కాగితం అసలుదేనని ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, ఉందో లేదో తిప్పి మరీ చూశాను. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య అదొక్కటి ఉంటే మళ్లీ రాయబార కార్యాలయం చుట్టూ తిరగనక్కర్లేదు. ఒప్పందంలో లేని దేశమైతే మాత్రం ఆ తిరుగుడంతా బయలుదేరకముందే తెమల్చుకోవాలి.

నా అసలు బెంగ వాడి ఆస్తమా గురించి. ఇన్‌హేలర్లతో పాటు డాక్టరు చీటీ కూడా ఉండాలి, అందులో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకోవాలి. మనం సాల్బుటమాల్ అనే మందునే అమెరికాలో అల్బుటెరాల్ అంటారు. ఊపిరాడనప్పుడు పేర్లు వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? అందుకే రెండూ రాయించమన్నాను.

పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోకే వచ్చింది, విమానం అడుగున వేసే సామానులో దాన్ని ఒప్పుకోరు.

రేపు కాగితాలన్నీ స్కాన్ చేసి ఇద్దరి ఈమెయిళ్లలోనూ ఉంచుతాం. ఇలా వెళ్లినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు, ఇంకేం తప్పక ఉండాలో చెప్పండి. సంచిలో ఇంకా చోటుంది.