నాయనకు గుండె కవాటం మార్పించాం

నాయనకు డెబ్బై దాటాయి. అనంతపురంలో రోజూ టవర్ క్లాక్ దాకా నడిచొచ్చే మనిషి, సగం దారిలోనే ఏదో ఒక అరుగు చూసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. అడిగితే "వయసైపోయింది కదా పాపా" అనేవాడు. ఒక పొద్దున స్నానానికి లేస్తూ కళ్లు తిరిగి పడిపోయాడు. దగ్గర్లోని క్లినిక్‌లో బీపీ తగ్గిందని చెప్పి ఓఆర్ఎస్ తాగమన్నారు. ఛాతీ మీద స్టెతస్కోప్ కూడా పెట్టలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఎందుకంటే తర్వాత చూపించిన ఫిజీషియన్ గుండె దగ్గర, మెడ దగ్గర కాసేపు విని, "మర్మర్ ఉందమ్మా, వెంటనే ఎకో తీయించండి" అన్నారు. మర్మర్ అంటే గుండె చప్పుడులో అదనంగా వినిపించే శబ్దం, ఎకో అంటే గుండెకు చేసే స్కానింగ్.

ఎకో తీసేటప్పుడు తెర మీద కవాటం దగ్గర తెల్లగా మెరుస్తున్న ముద్ద చూపించారు. మూడు రెక్కలకూ కాల్షియం పట్టి బిగుసుకుపోయాయట. మామూలుగా 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన దారి, నాయనకు 0.7కు వచ్చింది. 1 కంటే తగ్గితేనే తీవ్రమైనట్టు లెక్క. రిపోర్టులో సివియర్ అయోర్టిక్ స్టెనోసిస్ అని రాశారు, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని కవాటం బాగా ఇరుకైపోవడం. "పాలు మాన్పిస్తే తగ్గుతుందా సార్?" అని అమ్మ అడిగింది. తిండి మార్చినా, మందులు వాడినా ఇది కరగదు, ఆయాసం, స్పృహ తప్పడం మొదలయ్యాక ఆలస్యం చేయకూడదు అని డాక్టర్ ఓపికగా చెప్పారు.

తొడ రక్తనాళం గుండా కవాటం అమర్చే తావి పద్ధతి కూడా ఉంది. 2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే తొలిసారి చేసింది అదే. కానీ ఆ కవాటానికే లక్షలవుతాయి. నాయన ఊపిరితిత్తులు, కిడ్నీలు బాగున్నాయి కాబట్టి ఛాతీ తెరిచి చేసే ఆపరేషనే మేలన్నారు. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు, మేమూ అక్కడికే వెళ్లాం.

అసలు టెన్షన్ ఏ కవాటం అన్న దగ్గర వచ్చింది. లోహపుదైతే ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ బతికినన్నాళ్లూ వార్ఫరిన్ మాత్ర వేసుకుంటూ, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. రక్తం పలచబడే మందు కాబట్టి ఈ వయసులో కిందపడితే ప్రమాదం. జంతువు పొరతో చేసే టిష్యూ కవాటానికి ఆ బాధ తక్కువ, పది పదిహేనేళ్లు వస్తుంది. అయితే నాయనకు పెట్టేది ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో చేసింది. ఆ మాట వినగానే నాయన ముఖం మాడిపోయింది. కనుమ రోజు ఆవుకు పసుపు రాసి దండం పెట్టే చేతులవి. ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. మేం కూడా బలవంతపెట్టలేదు. తెల్లారి, "ఇన్నేళ్లూ మనల్ని సాకింది అవే కదా, కానీండి" అన్నాడు.

గుండె రక్తనాళాల్లో అడ్డంకులున్నాయేమో చూసే యాంజియోగ్రామ్ అయ్యాక పళ్ల డాక్టర్ దగ్గరికి పంపారు. నోట్లోని క్రిములు రక్తంలో కలిసి కొత్త కవాటం మీద చేరితే ప్రాణం మీదికి వస్తుందట. పుచ్చిన పళ్లు తీయించి, పుండు మానేదాకా ఆగాం.

ఆపరేషన్ రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బయట కూర్చోవడమే. తర్వాతి వారాలే కష్టం. ఛాతీ ఎముకను తీగతో కలిపి ఉంటారు కాబట్టి, దగ్గు వస్తే దిండును గుండెకు హత్తుకుని దగ్గాలి. రెండు మూడు నెలలు నీళ్ల బిందె కూడా ఎత్తకూడదు.

మా పట్టు మీద అమ్మకూ ఎకో తీయించాం. ఆమె కవాటం కొంచెం మందంగా ఉంది కానీ దారి ఇరుకు కాలేదు. అప్పుడప్పుడూ ఎకో తీయించుకుంటూ ఉండమన్నారు.